నల్లరేగడి పెరడు: ఇసుకకు కాదు, పదునుకు లొంగే నేల

బళ్లారి పట్టణం అంచులలో కొత్తగా వెలసిన కాలనీలలో వానాకాలం మొదట్లో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. గృహప్రవేశం ముగిసిన ఉత్సాహంతో ఇంటివారు నర్సరీ నుండి గులాబీ, మల్లె, నిమ్మ, కరివేపాకు మొక్కలు తెచ్చి పెరటిలో నాటుతారు. తొలి జల్లులకు అవి కళకళలాడతాయి. సెప్టెంబరు, అక్టోబరు మాసాల పెద్ద వానలు ముగిసేసరికి ఆకులు పసుపుబారి, వేర్లు కుళ్లి కొన్ని చనిపోతాయి. మిగిలినవాటిలో కొన్ని మరుసటి వేసవిలో నేల బీటలు వారినప్పుడు వేర్లు తెగి ఎండిపోతాయి. అంతటితో “ఈ మట్టిలో ఏదీ బతకదు” అన్న తీర్పు వెలువడుతుంది. ఆపై ఆ ఇంటివారికి రెండే దారులు తోస్తాయి. ఒకటి, ట్రాక్టరుతో ఇసుకో ఎర్రమట్టో తోలించడం. రెండవది, పెరడంతా సిమెంటు చేయించి ఆ చింతను శాశ్వతంగా వదిలించుకోవడం.

ఈ రెండు దారులూ ఖర్చుతో కూడుకొన్నవే. అంతకు మించి, రెండూ అనవసరమైనవి. ఇసుక వేసిన పెరడు అంతకు ముందుకన్నా గట్టిపడిన సందర్భాలు ఉన్నాయి. సిమెంటు వేసిన పెరటిలో వాననీరు ఇంకదు, వేసవిలో ఇల్లు చల్లబడదు. నల్లరేగడి చవుడు నేల కాదు, చచ్చిన నేల అసలే కాదు. పైరుకు కావలసిన నీటిని, పోషకాలను మిక్కిలి దాచుకొనే నేలలలో ఇది ఒకటి. అయితే దానికి గాలి ఆడాలి, నిలిచిన నీరు బయటికి పోవాలి, మనిషి దానిని ముట్టుకొనే వేళ తెలియాలి. ఈ మూడింటినీ సమకూర్చడమే నేలను బాగుచేయడం.

నేల స్వభావం

తెలుగువారు ‘నల్లరేగడి’ అని పిలిచే ఈ నేలను కన్నడిగులు ‘ఎరె భూమి’ అంటారు. తమిళనాట కోవిల్‌పట్టి, సాత్తూరు పరిసరాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఇది ‘కరిసల్’. నాందేడ్, సోలాపూర్ ప్రాంతాలవారికి ‘కాళీ మాతీ’. భూగోళ పాఠ్యపుస్తకాలలో కనిపించే ‘రేగుర్’ అన్న పదానికి మూలం తెలుగు ‘రేగడ’ అని నిఘంటువులు చెబుతున్నాయి.

మట్టి రేణువులలో ఇసుక పెద్దది, ఒండ్రు దానికన్నా సన్ననిది, బంక అన్నిటికన్నా సూక్ష్మమైనది. బంకరేణువు పరిమాణం 0.002 మిల్లీమీటరుకు లోపే ఉంటుంది. నల్లరేగడిలో ఈ బంకపాలు సాధారణంగా నూటికి 40 నుండి 60 వరకు ఉంటుంది. పైగా ఇందులోని బంక మామూలుది కాదు. స్మెక్టైట్ అనే ఖనిజ కుటుంబానికి చెందిన ఈ బంక పుస్తకంలోని పుటలవలె పొరలు పొరలుగా ఉంటుంది. తడిసినప్పుడు పొరల నడుమ నీరు చేరి మట్టి ఉబ్బుతుంది. ఆరినప్పుడు నీరు తొలగి కుంచించుకొని పోతుంది. వానకు కాలికి జిగటగా అంటుకొనే మట్టి, ఏప్రిల్ నాటికి చేయి పట్టేంత బీటలు వారడానికి కారణం ఇదే.

బీటలు వారడం దోషంగా కనిపించినా, అందులో ఒక మేలు కూడా ఉన్నది. పైమట్టి పొడిగా రాలి ఆ బీటలలో పడుతుంది. వాన రాగానే అడుగున చేరిన మట్టి ఉబ్బి పైకి నెట్టుకొని వస్తుంది. అందువల్లనే దీనిని తనను తాను దున్నుకొనే నేల అంటారు.

నలుపు రంగు చూసి ఈ మట్టిలో సేంద్రియ పదార్థం అధికంగా ఉన్నదని భావించడం పొరపాటు. మన ప్రాంతపు నల్లరేగళ్లలో సేంద్రియ కర్బనం చాలాచోట్ల తక్కువే. సున్నపు పాలు మాత్రం ఎక్కువ. తవ్వినప్పుడు కనిపించే తెల్లని సున్నపు గడ్డలు దీనికి సాక్ష్యం. బళ్లారిలో సాలీనా వర్షపాతం సుమారు 500 మిల్లీమీటర్లు మాత్రమే కావడంతో ఆ సున్నం కరిగి అడుగుకు పోక నేలలోనే మిగిలిపోతుంది. ఇక్కడి నల్లరేగడి నేలల సంరక్షణకై 1954లోనే బళ్లారిలో కేంద్ర పరిశోధనా స్థానం ఏర్పడిందంటే ఈ నేల ఎంత ప్రత్యేకమైనదో ఊహించవచ్చు.

కొత్త ఇంటి పెరటికి మరొక చిక్కు అదనంగా ఉంటుంది. పునాది తవ్వినప్పుడు లోతులోని జీవంలేని మట్టి పైకి వస్తుంది. దానితో సిమెంటు ముద్దలు, ఇటుక ముక్కలు, సున్నపు పెచ్చులు కలుస్తాయి. లారీలు, ట్రాక్టర్లు తిరిగి నేల అణగిపోతుంది. కాబట్టి ఏ పనికైనా ముందు ఆ చెత్తను ఏరివేయడం తప్పనిసరి. సిమెంటు, సున్నం మట్టిలోని క్షారగుణాన్ని మరింత పెంచుతాయి.

ఇంట్లోనే చేసుకోదగిన నాలుగు పరీక్షలు

ఖర్చు పెట్టకముందే నేలను తెలుసుకోవడం మంచిది. బడిపిల్లలు సైతం చేయగల నాలుగు పరీక్షలు ఇక్కడ ఇవ్వబడినవి.

మొదటిది పట్టీ పరీక్ష. గుప్పెడు మట్టిని తడిపి పిసికి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య నొక్కుతూ పట్టీగా సాగదీయాలి. పట్టీ తెగకుండా 5 సెంటీమీటర్లకు మించి సాగితే అది బరువైన బంకనేల.

రెండవది గుంత పరీక్ష. 30 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి నీటితో నింపి, ఇంకిన తరువాత మరల నింపాలి. రెండవసారి పోసిన నీరు 24 గంటల తరువాత కూడా నిలిచి ఉంటే, అక్కడ నీరుపోయే దారి కల్పించకుండా మొక్క నాటడం వృథా.

మూడవది సున్నపు పరీక్ష. పొడి మట్టిగడ్డపై నాలుగు చుక్కలు వెనిగర్ వేసినప్పుడు బుసబుస పొంగితే మట్టిలో సున్నం ఉన్నట్లు. అట్టి నేలకు మరల సున్నం వేయడం అవివేకం.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, గ్లాసు పరీక్ష. శనగగింజంత పొడి మట్టిగడ్డను గాజుగ్లాసులోని వాననీటిలో మెల్లగా జారవిడిచి, కదపకుండా ఒక రోజు ఉంచాలి. వాననీరు లేనప్పుడు బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడవచ్చు. గడ్డ విరిగి పొడిపొడి అయినా నీరు తేటగా ఉంటే, ఆ మట్టికి కావలసింది ఎరువు. గడ్డ చుట్టూ పాలవంటి మసక వ్యాపిస్తే, మట్టిలో సోడియం అధికమై బంకరేణువులు విడిపోతున్నాయని అర్థం. అట్టి నేలకే జిప్సం పనిచేస్తుంది. ఈ తేడా తెలియక ఎందరో అవసరం లేని పెరటికి జిప్సం వేసి, ఫలితం లేదని నిరాశపడుతున్నారు.

ఇసుక ఎందుకు పనికిరాదు?

బంకనేలకు ఇసుక కలిపితే గుల్లబారుతుందన్న నమ్మకం అన్ని ఊళ్లలోనూ ఉన్నది. చిన్న లెక్క వేస్తే నిజం బోధపడుతుంది.

10 చదరపు మీటర్ల మడిని 30 సెంటీమీటర్ల లోతు వరకు మార్చాలనుకొంటే అందులోని మట్టి 3 ఘనపు మీటర్లు, అంటే బరువులో సుమారు 4 టన్నులు. ఆ మట్టిలో బంక సగం ఉన్నదనుకొంటే, దానిని పాతికపాలుకు దించడానికి మరో 4 టన్నుల ఇసుక కావాలి. అంతా సమంగా కలవాలి. మడి ఎత్తు దాదాపు రెట్టింపు అవుతుంది. ఇంత చేసేవారు అరుదు. సాధారణంగా ఒక ట్రాక్టరు ఇసుకను పెరడంతా పరచి పైపైన తిరగవేస్తారు. అప్పుడు ఇసుక రేణువులు బంకలో పొదిగినట్లు చిక్కుకొంటాయి. వాటి మధ్య ఖాళీలను బంకే నింపుతుంది. వేసవి ఎండకు ఆ మిశ్రమం ఇటుకవలె బిగుసుకొంటుంది. ఇసుకకు నీటిని, పోషకాలను పట్టి ఉంచే శక్తి లేదు కనుక నేల సారం కూడా పలచబడుతుంది. ఒకసారి కలిపిన ఇసుకను వెనుకకు తీయడం అసాధ్యం.

తుంగభద్ర, హగరి వంటి నదుల గర్భం నుండి ఇసుక తీయడం వలన కలిగే నష్టం వేరే చెప్పనక్కరలేదు. ఎర్రమట్టి సంగతీ అంతే. గుట్టలను తొలిచి తెచ్చిన ఆ మట్టిని నల్లరేగడిపై పలుచగా పరిస్తే రెండు పొరల మధ్య నీరు ఆగుతుంది. మడి అడుగున కంకర పరచడం కూడా ప్రయోజనం లేని పనే. సన్నని మట్టి పూర్తిగా తడిసి నిండితే తప్ప దాని నీరు కింది కంకర ఖాళీలలోకి దిగదు. ఆ విధంగా తడి వేరుకు మరింత చేరువగా నిలిచిపోతుంది.

మొక్క గుంతే నీటితొట్టి అయినప్పుడు

నర్సరీ మొక్కలు చనిపోవడానికి అత్యంత సాధారణమైన కారణం నాటే గుంతే. లోతైన గుంత తవ్వి, అందులో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపి, మధ్యన మొక్కను నాటడం వాడుక. ఎర్రనేలలో ఇది చెల్లుతుంది. నల్లరేగడిలో మాత్రం ఆ గుంత నాలుగువైపులా బంకగోడలున్న తొట్టి అవుతుంది. చుట్టుపక్కల నీరంతా గుల్లగా ఉన్న ఆ గుంతలోకి చేరి బయటికి పోలేక నిలుస్తుంది. వేరుకు గాలి ఆడక మొక్క నీటిమధ్యనే వాడిపోతుంది. వాడిన మొక్కను చూసి ఇంటివారు మరిన్ని నీళ్లు పోస్తారు.

దీనికి విరుగుడు గుంతను లోతుగా కాక వెడల్పుగా తవ్వడం. వేరుముద్ద ఎంత ఎత్తు ఉన్నదో అంతకు మించి లోతు అక్కరలేదు. వెడల్పు మాత్రం దానికి రెండు మూడింతలు ఉండాలి. పార దెబ్బకు నునుపుదేలిన గుంత గోడలను గడ్డపారతో గీకి గరుకు చేయాలి. తవ్విన మట్టినే, నాలుగింట ఒక వంతు మాగిన ఎరువు కలిపి, తిరిగి నింపాలి. మొక్క మొదలు చుట్టూ ఉన్న నేలకన్నా 10–15 సెంటీమీటర్లు ఎత్తున ఉండేటట్లు దిబ్బగా చేసి నాటాలి. నిమ్మ, మునగ, సీతాఫలం వంటివాటికి ఈ దిబ్బ ప్రాణరక్షణ వంటిది.

పదును – హద

రైతులకు ‘అదను, పదును’ అన్నవి జంట మాటలు. అదను అంటే తగిన కాలం, పదును అంటే మట్టిలో పనికి తగిన తడి. కన్నడంలో ఇదే భావానికి ‘హద’ అన్న మాట ఉన్నది. తెలుగులోని ‘పాలు’ కన్నడంలో ‘హాలు’, ‘పులి’ ‘హులి’ అయినట్లే ఈ రెండూ ఒకే వేరునుండి వచ్చినవి. భాష ఏదైనా, నల్లరేగడిలో పనిచేసే ఇరువురికీ ఈ మాట ఎంతో విలువైనది.

తడిగా ఉన్న నల్లరేగడిని తవ్వితే, తొక్కితే, దాని లోపలి సన్నని గాలిదారులు పూర్తిగా మూసుకొనిపోతాయి. ఒక్కసారి తడిలో తొక్కిన మడి తిరిగి గుల్లబారడానికి ఒక కాలం పట్టవచ్చు. పూర్తిగా ఎండిన తరువాత గడ్డపార దిగదు. ఈ రెండింటి నడుమ వాన వెలిసిన తరువాత వచ్చే కొద్ది రోజులే పదును. దానిని గుర్తించడం సులభం. 10 సెంటీమీటర్ల లోతునుండి గుప్పెడు మట్టి తీసి ముద్ద చేసి బొటనవేలితో నొక్కాలి. ముద్ద మెరుస్తూ సాగితే ఇంకా తడి ఎక్కువ. ముద్దే కట్టకపోతే ఆరిపోయింది. నొక్కగానే పొడిపొడిగా విరిగితే అదే పదును. పండుగ సెలవు వచ్చిందనో, కూలిమనిషి దొరికాడనో పదును లేని రోజున తవ్వించడం డబ్బిచ్చి నేలను పాడుచేసుకోవడమే.

ఎత్తుమడి

నీరు నిలిచే చోట ఎంత ఎరువు వేసినా ఫలితం ఉండదు. కనుక మొదట నీటికి దారి చూపాలి. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ ఆ దశాబ్దంలో నల్లరేగడి పొలాలకై వెడల్పాటి ఎత్తుమడి, పక్కన కాలువ ఉండే పద్ధతిని రూపొందించింది. మడి, కాలువ కలిపి 150 సెంటీమీటర్ల వెడల్పు. అధిక వర్షపు నీరు కాలువ ద్వారా మెల్లగా పోతుంది, మడిలో గాలి ఆడుతుంది, తేమ మాత్రం నిలుస్తుంది.

ఆ సూత్రమే పెరటికీ వర్తిస్తుంది. మడి వెడల్పు 1 మీటరు నుండి 1.2 మీటర్లు ఉంటే రెండు వైపులనుండి చేయి అందుతుంది, మడిలో కాలు పెట్టవలసిన పని ఉండదు. ఎత్తు 20–30 సెంటీమీటర్లు చాలు. నడకదారి మట్టినే తీసి మడిపై వేస్తే మడి పెరుగుతుంది, దారి కాలువ అవుతుంది. ఆ కాలువ పెరటి వాలువైపు సాగి వీధి కాలువకో ఇంకుడుగుంతకో చేరాలి. నడకదారిలో పాత బండలు పరిస్తే వానలోనూ కాలికి మట్టి అంటదు, మడిని తొక్కే అగత్యమూ రాదు.

ఎరువు చేసే పని

బంకరేణువులను చిన్న చిన్న గుళికలుగా చేర్చి, వాటి మధ్య గాలికి, వేరుకు చోటు కల్పించేది సేంద్రియ పదార్థం. దానిని తిని బతికే సూక్ష్మజీవులు, శిలీంధ్రాలు, వానపాములు విడిచే జిగురే ఆ గుళికలను నిలిపి ఉంచుతుంది. ఇసుక చేయలేని పనిని ఇవి చేస్తాయి.

మొదటి ఏడు మడిపై 5 సెంటీమీటర్ల మందాన బాగా మాగిన పశువుల ఎరువో కంపోస్టో పరచి, పదునులో పైనున్న 15–20 సెంటీమీటర్ల మట్టితో కలపాలి. 10 చదరపు మీటర్ల మడికి ఇది 500 లీటర్లు, అంటే 20 లీటర్లు పట్టే గంపలతో 25 గంపలు. తరువాతి ఏడాదినుండి తవ్వి కలపవలసిన పని లేదు. ఏటా 2–3 సెంటీమీటర్లు పైన పరిస్తే చాలు, లోపలికి చేర్చే పని వానపాములు చూసుకొంటాయి. పచ్చిపేడ, మాగని ఎరువు వేస్తే వేరు దెబ్బతింటుంది, చెదలు చేరుతాయి. పచ్చి రంపపు పొట్టును మట్టిలో కలిపితే అది కుళ్లే క్రమంలో నత్రజనిని లాగివేస్తుంది, మొక్క పాలిపోతుంది.

బళ్లారి పరిసరాలలో వేరుశనగ పొట్టు, సిరుగుప్ప వైపు వరి ఊక, గడ్డి లభిస్తాయి. వీటిని మట్టిలో కలపడంకన్నా మడిపై 5–7 సెంటీమీటర్ల మందాన కప్పుగా పరచడం ఉత్తమం. కప్పు ఉన్న నేల ఎండకు త్వరగా ఆరదు, బీటలు తగ్గుతాయి, వానచినుకు తాకిడికి పైమట్టి చితికి అట్టకట్టదు. కప్పు మొక్క మొదలుకు తాకకుండా నాలుగు వేళ్ల దూరం వదలాలి.

వేసవిలో బీటలు వారిన ఖాళీ నేల కూడా ఒక అవకాశమే. పొడి కంపోస్టును జల్లి చీపురుతో ఆ బీటలలోకి ఊడ్చివేస్తే, తవ్వకుండానే ఎరువు లోతుకు చేరుతుంది.

ఎరువు కొనే స్తోమత లేనివారికి పచ్చిరొట్ట ఉన్నది. తొలకరికి జనుమో జీలుగో ఒత్తుగా చల్లి, సుమారు 45 రోజులకు పూత మొదలయ్యే వేళ కోసి, పదునులో మట్టిలో కలిపి, రెండు మూడు వారాలు మగ్గనివ్వాలి. జీలుగ నీటి నిలువను, క్షారాన్ని తట్టుకొంటుంది. దాని వేర్లు లోతుకు దిగి, కుళ్లిన తరువాత గాలికి దారులు మిగులుస్తాయి.

జిప్సం, సున్నం, బూడిద, నీరు

గ్లాసు పరీక్షలో మసక కనిపించినవారు మట్టిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఐదారు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టిని చెక్కి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో పంపితే సరిపోతుంది. సాగుభూముల కోసం 2015లో కేంద్ర ప్రభుత్వం భూసార కార్డుల పథకం ప్రారంభించింది. కర్ణాటకలో దానిని ‘మణ్ణు ఆరోగ్య చీటి’ అంటారు. కన్నడంలో వచ్చే నివేదిక చూసి తెలుగు కుటుంబాలలోని పెద్దలు తికమక పడనవసరం లేదు. ‘రససార’ అంటే ఉదజని సూచిక, అంటే పి.హెచ్. ‘విద్యుత్ వాహకతె’ లవణాల మోతాదును తెలుపుతుంది. ‘సావయవ ఇంగాల’ అంటే సేంద్రియ కర్బనం. ‘కబ్బిణ’ ఇనుము, ‘సతు’ జింకు.

రససార 7.5 నుండి 8.5 మధ్య ఉంటే నల్లరేగడికి అది సహజం. 8.5 దాటితే సోడియం సంగతి విచారించాలి. సేంద్రియ కర్బనం 0.5 శాతానికి లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. జిప్సంలోని కాల్షియం బంకను పట్టుకొన్న సోడియంను తొలగించి ఆ స్థానంలో చేరుతుంది. తొలగిన సోడియం నీటితో కొట్టుకొనిపోవాలి. నీరుపోయే దారి లేకపోతే జిప్సం వేసినా సోడియం అక్కడే ఉండిపోతుంది. మోతాదును నివేదిక ప్రకారమే నిర్ణయించాలి. సున్నం ఈ నేలకు వేయరాదు. పొయ్యి బూడిద కూడా క్షారమే కనుక గుప్పెళ్ల కొద్దీ వేయడం మానాలి.

సున్నం అధికమైన నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం వేళ ఆకులపై వారానికొకసారి రెండు మూడు మార్లు పిచికారి చేస్తే మొక్క తేరుకొంటుంది. అయితే నీరు నిలిచిన వేరు కూడా ఇటువంటి పసుపునే చూపుతుంది. కనుక ముందు గుంత సంగతి చూసుకోవాలి.

నీటి విషయంలో ఇళ్లలో తెలియక జరిగే పొరపాటు ఒకటున్నది. నీటిశుద్ధి యంత్రం వదిలే వృథానీరు, బట్టల యంత్రపు సబ్బునీరు పెరటికి మళ్లించడం పొదుపుగా తోస్తుంది. మొదటిదానిలో లవణాలు చిక్కబడి ఉంటాయి, రెండవదానిలో సోడియం ఉంటుంది. బంకనేలలో ఇవి ఏళ్లతరబడి పేరుకొంటాయి. బోరునీరు ఉప్పగా ఉన్న చోట కూడా ఇదే ప్రమాదం. మడిపై తెల్లని పొర కనిపిస్తే అది హెచ్చరిక. వాననీటిని పట్టి నిల్వచేసుకొనే వీలున్నవారికి మొక్కలకు అంతకు మించిన నీరు లేదు. ఏ నీరైనా మెల్లగా, లోతుగా ఇంకేలా పోసి, పైన రెండంగుళాల మట్టి ఆరేవరకు ఆగాలి.

గోడకు దూరంగా

నల్లరేగడిపై ఇల్లు ఉన్నవారు మరువరాని సంగతి ఇది. తడికి ఉబ్బి ఎండకు కుంగే నేల పునాదిని కూడా కదిలిస్తుంది. గోడకు ఆనించి పూలమడి కట్టి రోజూ నీరు పోస్తే, ఆ వైపు నేల ఉబ్బి, తక్కినవైపు ఎండి ఉండి, గోడ నెర్రెలిస్తుంది. మడులు గోడకు కనీసం 1.5 మీటర్ల దూరంలో ఉండాలి. పెద్ద చెట్లు అవి ఎదిగే ఎత్తంత దూరంలో ఉండటం క్షేమం. అంత స్థలం లేని పెరటిలో పెద్ద చెట్టుకు బదులు పొద ఎంచుకోవడం వివేకం. పైకప్పు నీరు గోడ మొదట పడకుండా గొట్టంతో దూరంగా మళ్లించాలి.

మొదట ఏమి పెంచాలి?

నేలను మార్చే లోపు నేలకు నచ్చినదానిని పెంచడం మేలు. ఇక్కడి మెట్ట నల్లరేగళ్లలో రైతులు ముంగారు వానలను నేలలో ఇంకించి, సెప్టెంబరు, అక్టోబరులలో హింగారు పంటగా జొన్న, శనగ, కుసుమ, ధనియాలు విత్తడం తెలిసినదే. పెరటిలోనూ ఆ వేళకే శనగ, కొత్తిమీర చల్లుకోవచ్చు. బెండ, వంగ, మిరప, గోంగూర, చిక్కుడు ఎత్తుమడిలో తొలి ఏడాదినుండే కాస్తాయి. క్యారెట్, ముల్లంగి వంటివి బిగుసు మట్టిలో వంకరపోయి చీలుతాయి కనుక మూడవ ఏటికి వాయిదా వేయడం మంచిది. నీరు ఊరే మూలలో మెట్టతామర నాటవచ్చు. గులాబీ, మల్లె తప్పక కావాలనుకొనేవారు వాటిని దిబ్బపైనో కుండీలోనో పెంచాలి.

నల్లరేగడి ఒక్క ఏటిలో మారదు. మొదటి ఏడు నీటికి దారి, ఎత్తుమడి, పచ్చిరొట్ట, ఎరువు. రెండవ ఏడు కప్పు, పైఎరువు, తొక్కకపోవడం. మూడవ ఏటికి ఆ మడిలో వానపాములు కనిపిస్తాయి, వాన వెలిసిన తరువాత పదును మరికొన్ని రోజులు నిలుస్తుంది, బీటలు సన్నబడతాయి. ఆ తరువాత కూడా ఏటేటా ఎరువు వేయడం మానరాదు. మన ఎండలకు సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది.

యానాం వంటి గోదావరి డెల్టా ప్రాంతాలలోని ఒండ్రు బంకనేలకు ఈ సూత్రాలలో అధికభాగం వర్తిస్తుంది. అక్కడ సున్నపు గడ్డలు, బీటలకన్నా, భూగర్భజలం పైకి ఉండటం, సముద్రపు ఉప్పు చేరడం పెద్ద సమస్యలు. కనుక మడి మరింత ఎత్తు ఉండాలి, లవణాల పరీక్ష తప్పక చేయించాలి.

ఒక ట్రాక్టరు ఇసుకకయ్యే డబ్బుతో ఒక చిన్న మడికి కావలసిన ఎరువు సమకూరవచ్చు. పెరడంతా ఒకేసారి బాగుచేయవలసిన పనీ లేదు. ఈ ఏడు మంచమంత ఒక్క మడి చేసి, దానిపై రెండు వానాకాలాలు గడవనిస్తే, తక్కిన పెరటికి ఏమి కావాలో ఆ మడే చెబుతుంది. సిమెంటు మేస్త్రీని పిలవడానికి ముందు ఆ ఒక్క మడికి అవకాశమివ్వడం న్యాయం.